ఓడలో మా బావమరిది పడుకున్న చోటు

యుద్ధనౌక ఎక్కాలన్న కోరిక నాకు ఎన్నడూ లేదు. కాలువల ఆఫీసులో ఉద్యోగం చేసినంత కాలం నీటి పక్కనే గడిపాను. టెక్కలి చుట్టూ ఏ తూముకు ఎంత నీరు వదిలారో చూసి రాసుకోవడమే నా పని. రిటైరయ్యాక పలాసలో ఇల్లు కట్టుకున్నాం. కాలువ దూరమైనా రాసుకునే అలవాటు మాత్రం పోలేదు. ప్రతి సాయంత్రం డైరీలో ముందు వాతావరణం రాస్తాను, తర్వాత ఇంటికి ఎవరొచ్చారో, ఆ తర్వాత మిగతావి. ఇలాంటి మనిషికి ఓడల గొడవ ఎందుకు? ఇదంతా మా ఆవిడ కోసం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చనిపోయిన ఆవిడ తమ్ముడి కోసం.

మా బావమరిది టెక్కలిలో ఇంటర్ చదివి నౌకాదళంలో చేరాడు. పదిహేనేళ్ళు ఓడల మీద పనిచేసి తిరిగొచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో స్టోరు చూసుకుంటూ మా ఇంట్లోనే ఉన్నాడు. ఉద్దానంలో చాలా ఇళ్ళకు వచ్చిన కిడ్నీ జబ్బే అతనికీ వచ్చింది. చివరి రోజుల్లో కూడా మా దగ్గరే ఉన్నాడు, మా ఇంట్లోనే పోయాడు.

అతను వచ్చిన కొత్తలో మా ఆవిడ కాశీబుగ్గ వడ్రంగి చేత ఒక వెడల్పాటి మంచం చేయించింది. బూరుగు దూదితో పరుపు కుట్టించింది. అతను ఒక్క రాత్రి కూడా ఆ మంచం మీద పడుకోలేదు. వసారాలో, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి వేసిన బల్ల ఒకటి ఉండేది, ఒక మనిషి వీపుకు సరిపోయేంత. దాని మీద మోకాళ్ళు ముడుచుకుని, గోడవైపు తిరిగి, ఇంటికి వీపు పెట్టి పడుకునేవాడు.

"ఊళ్ళో వాళ్ళు సూస్తే ఏటనుకుంటారు? అప్ప ఇంట్లో మంచం లేదనుకోరూ?" అని మా ఆవిడ తిట్టేది. మా వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు.

"ఎడల్పు మంచం మీద నాకు నిద్దర పట్టదప్పా," అనేవాడు అతను. అంతకంటే ఇంకేమీ చెప్పేవాడు కాదు.

మా ఆవిడ ఆ మాట నమ్మలేదు. అతను ఓడ మీద ఉన్నప్పుడే ఇక్కడ వాళ్ళ నాన్న కొబ్బరితోట పంపకం జరిగింది. బావి ఉన్న ముక్క మా ఆవిడ వాటాకు వచ్చింది. సెలవుకు వచ్చినప్పుడు అతను మారు మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆ మాట్లాడకపోవడమే ఆవిడకు ముల్లులా ఉండిపోయింది. బావి ముక్క తను తీసుకుందన్న కోపంతోనే తన మంచం మీద పడుకోలేదని, తనకు వీపు చూపించడానికే గోడవైపు తిరిగేవాడని ఆవిడ అనుమానం. అతను పోయాక ఆ అనుమానం మరింత పెరిగింది. అడగడానికి మనిషి లేడు కదా.

ఇలా ఉండగా ఒక ఉదయం, విశాఖలో యుద్ధనౌకలు ప్రజలకు చూపిస్తారన్న వార్త పేపర్లో వచ్చింది. ఆవిడ పేపరు పట్టుకుని నా కుర్చీ దగ్గరకు వచ్చింది.

"ఏటండీ, ఓడలో ఆడు పడుకున్న సోటు సూడాల నాను."

"అతను పనిచేసిన ఓడ ఎప్పుడో తుక్కు కింద పోయి ఉంటుంది."

"ఏ ఓడైతే ఏటి. పక్కలన్నీ ఒకలాగే ఉంటాయి కదా. సూస్తే నాకు తెలిసిపోద్ది."

"ఏం తెలుస్తుంది?"

"ఆడు నిజమే సెప్పినాడో, నా మీద కోపమో."

ఇది ఎలా తెలుస్తుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆవిడ జీవితంలో నన్ను ఎక్కడికైనా తీసుకెళ్ళమని అడిగింది తక్కువ. సరేనన్నాను. ఒకసారి సరేనన్నాక పని పద్ధతిగా చేయడం నా స్వభావం. వెళ్ళడానికి పాసింజరు బండి, రావడానికి ఎక్స్‌ప్రెస్‌లో రిజర్వేషను, ఆధార్ కార్డులకు ప్లాస్టిక్ కవరు, నా బీపీ మాత్రలు, మూత గట్టిగా ఉన్న నీళ్ళ సీసా, అన్నీ సిద్ధం చేశాను. దారిలో హిందీ అవసరమవుతుందని రెండు వాక్యాలు తయారుచేసుకుని నోటికి పట్టించాను కూడా.

ఈ ఏర్పాట్లన్నీ మా ఆవిడ చిన్నాన్న కొడుకు వచ్చేదాకా బాగానే ఉన్నాయి. అతనిది జలంత్రకోట. కొబ్బరితోట ఉంది, ఊళ్ళో పంచాయతీ ఎన్నికలొస్తే అతని వసారా నిండుతుంది. కాయలు అమ్మడానికి పలాస వచ్చి, మా ఇంట్లో భోజనానికి కూర్చుని, సంగతి విన్నాడు.

"బావా, నువ్వు లైన్లో నిలబడ్డమేటి? లోపల కేంటీనుకి కాయలేసే మనిసి నాకు బాగా తెలుసు. ఒక్క ఫోను కొట్టినానంటే అప్పని కిందకీ పైకీ తిప్పి మొత్తం సూపిత్తాడు."

"అయితే ఆయన నంబరు ఒక కాగితం మీద రాసివ్వు," అన్నాను.

"ఫోన్లో ఉంది కదా, మళ్ళీ కాయితమేటి? అప్పా, ఈ బావ కాలవలో స్కేలెట్టి నీళ్ళు కొలిసినట్టు అన్నీ కొలుత్తాడు."

మా ఆవిడ నవ్వింది. తెలిసిన మనిషి ఉన్నాడన్న మాటతో ఆవిడకు ధైర్యం వచ్చింది. నాకు మాత్రం అప్పుడే లోపల ఎక్కడో తేడా కొట్టింది.

తెల్లవారకముందే పలాసలో బండెక్కాం. ఆ చిన్నాన్న కొడుకు సోంపేట నుంచి వచ్చి మాతో కలిశాడు. చేతిలో గుడ్డసంచి ఉంది. ఏమిటని అడిగితే "ఉండనీ బావా" అన్నాడు. బండి ప్రతి స్టేషన్లో ఆగుతూ, ఎక్స్‌ప్రెస్‌లకు దారిస్తూ వెళ్ళింది. తిలారు దగ్గర ఆగినప్పుడు ఇక కదలదేమో అనుకున్నాను. విశాఖలో దిగి, ఆటోవాడితో బేరమాడి, గేటు దగ్గరికి చేరేసరికి లైను గోడ వెంట పోయి, మలుపు తిరిగి, మళ్ళీ గోడ వెంట పోతోంది.

"ఫోను చెయ్యి," అన్నాను మా మరిదితో. మా ఆవిడకు వరసకు తమ్ముళ్ళైనవాళ్ళను నేను అలాగే అంటాను.

"గేటు కాడికి ఎల్లాక సేత్తాను. ఇక్కడ్నించి సేస్తే ఆయన ఎక్కడికని ఒత్తాడు?"

అందులో న్యాయం ఉన్నట్టే అనిపించి ఊరుకున్నాను. లైన్లో మా వెనక కవిటి వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. మాట వింటేనే మన తీరం వాళ్ళని తెలుస్తోంది. మా మరిది వాళ్ళకు కూడా తన తెలిసిన మనిషి గురించి చెప్పాడు. కావాలంటే వాళ్ళను కూడా లోపలికి తీసుకెళ్ళిస్తానన్నాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ లైన్లో సగం మందికి అతను పెద్దమనిషి అయిపోయాడు.

గేటు దగ్గర సంచులు లోపలికి రానివ్వరన్నారు. నా నీళ్ళ సీసా, గొడుగు, మాత్రలు ఉన్న సంచి అక్కడే వదిలేయాల్సి వచ్చింది. మా మరిది గుడ్డసంచి విప్పితే అందులో కొబ్బరికాయ ఉంది, పీచు తీసి పిలక ఉంచినది.

"ఇదేంటి?" అన్నాడు అక్కడి కానిస్టేబులు.

"కొబ్బరికాయండి. ఓడ ముక్కు కాడ కొట్టడానికి. కొత్తగా పడవెక్కితే కొట్టాల కదండి."

"అక్కడ కాయ కొడితే నిన్ను పట్టుకుని కొడతారు. అటు పెట్టు."

అలా పెట్టిన చోట అప్పటికే ఇంకో రెండు కొబ్బరికాయలు ఉన్నాయి. మా వైపు వాళ్ళే ఎవరో తెచ్చి ఉంటారు. ఆ తర్వాత కౌంటరులో ఫోన్లు తీసుకుని టోకెన్లు ఇచ్చారు. ఫోను ఇచ్చేసి, టోకెను జేబులో పెట్టుకుని, పది అడుగులు వేశాక మా మరిది ఆగిపోయాడు.

"నంబరు గుర్తుందా?" అన్నాను.

"సివర్న ఏడో ఎనిమిదో బావా."

 కాగితం మీద రాసివ్వమని మా ఇంట్లో భోజనం దగ్గరే చెప్పాను. తిరిగి వెళ్ళి ఫోను అడిగితే, లైను మళ్ళీ మొదటి నుంచి పట్టుకోవాలన్నారు. కవిటి ఆడవాళ్ళలో పెద్దావిడ వెనక నుంచి అంది:

"ఏటి మావా, నీ తెలిసినాయన మేళం పెట్టుకుని ఒత్తన్నాడేటి, ఇంత ఆలీసం?"

లోపల బస్సు ఎక్కించి ఓడలు ఆగే జెట్టీ దాకా తీసుకెళ్ళారు. ఓడ కనబడింది. బూడిదరంగు గోడ ఒకటి నీళ్ళలో నిలబడినట్టు ఉంది. మా ఆవిడ తల ఎత్తి ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. రాత్రిపూట భావనపాడు ఒడ్డున నిలబడితే దూరంగా ఓడల దీపాలు కనబడతాయి. అవి చూస్తూ పెరిగిన మనిషి ఆవిడ. పుట్టిల్లు ఆ తీరంలోనే.

"ఇంత పెద్దదాన్లో ఆడికి ఇంత సోటు దొరక్కపోద్దేటి," అంది మెల్లగా.

ఆ మాటలో భయం వినబడింది నాకు. ఇంత పెద్ద ఓడలో వెడల్పాటి మంచాలే ఉండి ఉంటే, తమ్ముడు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది.

లైను మెల్లగా కదిలి ఓడ ఎక్కే మెట్ల దగ్గరికి వచ్చాం. అక్కడ మా ఆవిడ ఒక పక్కకు జరిగింది. జోళ్ళు విప్పి, రెండూ జతగా జెట్టీ మీద పెట్టింది. మెట్ల తాడు తాకి చేయి కళ్ళకు అద్దుకుంది. వట్టి కాళ్ళతో పైకి వెళ్ళింది. ఆవిడ పుట్టిన తీరంలో పడవ మీదకు జోళ్ళతో ఎవరూ ఎక్కరు. మరిచిపోయి ఎక్కితే పడవవాళ్ళు నోటికి వచ్చినట్టు తిడతారు. మా మరిది కూడా విప్పాడు. వెనక కవిటి ఆడవాళ్ళు కూడా విప్పారు. చూస్తుండగానే ఓడ పక్కన జోళ్ళు వరసగా, పెళ్ళిపందిరి ముందు పెట్టినట్టు తయారయ్యాయి. నేనూ విప్పాను.  మనవాళ్ళంతా విప్పారు కాబట్టి విప్పాను.

మెట్ల పైన నిలబడ్డ నావికుడు మా కాళ్ళు చూశాడు. "జూతా, జూతా" అంటూ కిందకు వెళ్ళమని చేయి ఊపాడు. డెక్కు మీద ఇనుప బోల్టులు, కొక్కేలు ఉంటాయి, చెప్పులు లేకుండా రానివ్వరట. కాలికి ఏమైనా అయితే తమదే బాధ్యత అని కింద ఉన్న ఆయన ఇంగ్లీషులో చెప్పాడు. అది న్యాయమే. కానీ దిగేవాళ్ళు దిగుతుంటే ఎక్కేవాళ్ళు ఎక్కుతూ మెట్ల మీద కలగాపులగం అయింది. ఎవరి జోడు ఎవరిదో తెలియక ఆడవాళ్ళు వెతుక్కుంటున్నారు. జెట్టీ మీద ఉన్న అధికారికి ఓపిక పోయింది. దారి ఖాళీ చేయించి, జోళ్ళ వాళ్ళందరినీ లైను చివరకు పంపేశాడు.

మిట్టమధ్యాహ్నం. గొడుగు గేటు దగ్గర ఉంది. నీళ్ళు గేటు దగ్గర ఉన్నాయి. మాత్ర వేసుకునే వేళ దాటిపోతోంది.

"నీ మూలంగానే," అన్నాను మా ఆవిడతో.

"గంగమ్మ మీద జోళ్ళతో తొక్కుతామేటండీ?"

"అది గంగమ్మ కాదు. ఇనుము."

"ఇనుమైతే మునిగిపోవాల కదా. నీళ్ళ మీద నిలబెట్టిందెవరు?"

నేను జీవితమంతా నీటితో పనిచేశాను. ఇనుము నీళ్ళ మీద ఎందుకు తేలుతుందో చెప్పగలను. చెప్పడం మొదలుపెట్టాను కూడా. ఆవిడ వినలేదు. ముఖం ఓడవైపు తిప్పుకుంది. మా మరిది జేబులో చేతులు పెట్టుకుని దూరంగా ఎటో చూస్తున్నాడు. కవిటి పెద్దావిడ అతన్ని వదల్లేదు.

"మావా, పోనీ నీ తెలిసినాయన్ని జోళ్ళైనా మోయమను."

"నవ్వండి నవ్వండి. ఆయనే ఇప్పుడు ఇటొస్తే అందరూ నా ఎనకాలే పడతారు," అన్నాడు అతను. ఆ మాటలో బలం లేదు.

మళ్ళీ మా వంతు వచ్చేసరికి మూసేసే వేళ దగ్గరపడింది. పైన ఉన్నవాళ్ళు త్వరగా నడవమని తొందరపెడుతున్నారు. తుపాకులు చూపించారు. క్షిపణులు పెట్టే గొట్టాలు చూపించారు. హెలికాప్టరు దిగే చోటు చూపించారు. మా మరిది తుపాకీ ఎంత దూరం కొడుతుందని అడిగి, జవాబు హిందీలో వస్తే తల ఊపి, నాకు తెలుగులో ఏదో ఒక దూరం చెప్పాడు. మా ఆవిడ వీటిలో దేన్నీ చూడలేదు. తలుపులు మాత్రమే చూస్తూ నడిచింది. ఇనుప తలుపులు, మూలలు గుండ్రంగా, గడియలు గట్టిగా వేసి ఉన్నాయి. ప్రతి తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగేది. వెనకవాళ్ళు తోస్తే కదిలేది.

ఒక చోట నేలలో చదరంగా ద్వారం తెరిచి ఉంది. లోపలికి నిట్టనిలువుగా ఇనుప నిచ్చెన. అడ్డంగా గొలుసు వేశారు. కింద నుంచి పంకా గాలి వస్తోంది, దానితోపాటు పప్పు పోపు వాసన, నూనె వాసన. మా ఆవిడ అక్కడ ఆగిపోయింది. గొలుసు పట్టుకుని వంగి చూసింది. నేనూ చూశాను. తెల్లరంగు వేసిన గొట్టాలు, గోడకు మంటలార్పే ఎర్రటి సిలిండరు, నిచ్చెన కింద కొంచెం నేల. అంతకంటే ఏమీ కనబడలేదు.

"ఇక్కడేనండీ. అడగండి," అంది.

పక్కన ఒక నావికుడు ఉన్నాడు. ఉత్తరాది మనిషి, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. వారం రోజులు కష్టపడి తయారుచేసిన నా హిందీ వాక్యాలకు సమయం వచ్చింది. ఈవిడ తమ్ముడు నౌకాదళంలో పనిచేశాడు, పోయాడు, అతను పడుకునే చోటులాంటిది చూపించగలరా అని అడగాలి. వెనక నుంచి తోస్తున్నారు, మైకులో ఏదో చెబుతున్నారు. నా నోట్లోంచి "భాయీ, నేవీ, మర్ గయా" అన్న మూడు ముక్కలే వచ్చాయి. ఆ నావికుడు ఎవరో ఇప్పుడే ఇక్కడే చనిపోయారనుకుని చుట్టూ చూశాడు. మా ఆవిడ నన్ను పక్కకు జరిపింది.

అరచేయి చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసింది. తెరిచి, వేలితో కిందకు చూపించింది. "మా తమ్ముడు," అంది తెలుగులోనే. "ఎక్కడ పడుకుంటారు బాబూ?"

అతనికి అర్థమైంది. కిందకు వెళ్ళడానికి అనుమతి లేదని చేతులు అడ్డంగా ఊపాడు.

"పోనీ ఎంతుంటాది?" అని ఆవిడ రెండు చేతులూ చాపింది, మా ఇంట్లో మంచం అంత వెడల్పున.

అతను నవ్వి, తన చేతులతో ఆ వెడల్పును తగ్గించి చూపించాడు. ఆవిడ తన చేతులు అంతవరకు దగ్గరికి తెచ్చింది. అతను కాదన్నట్టు తల ఊపి ఇంకా దగ్గరకు చూపించాడు. తర్వాత అరచేతులు ఒకదాని మీద ఒకటిగా మూడుసార్లు గాలిలో పెట్టి, "ట్రైన్, ట్రైన్ జైసా. ఉస్సే ఛోటా," అన్నాడు. రైల్లోలాగే, దానికంటే చిన్నది. అంతలో ఎవరో అటు నుంచి పిలిస్తే అతను వెళ్ళిపోయాడు. వెనకాల జనం మమ్మల్ని ఇంకో వైపు మెట్ల దాకా తోసేశారు. కిందకు దిగిపోయాం.

జెట్టీ మీద మా ఆవిడ ఓడవైపు మళ్ళీ చూడలేదు.

"సూడ్లేదు కదండీ," అంది.

"చెప్పాడు కదా, రైల్లోలాగే అని."

"సెప్పినాడు. సూడ్లేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లవారుజామున లేచి, లైన్లో నిలబడి, జోళ్ళ దగ్గర అవమానపడి, ఎండలో మాత్ర లేకుండా మాడి, చివరికి తెలుసుకున్నది రైలు బెర్తు అని. ఆ మాట చెప్పడానికి నావికుడు కావాలా? పలాస స్టేషన్లో ఏ బండి ఆగినా కిటికీలోంచి చూపించేవాణ్ణి. ఈ మాట పైకి అనేశాను కూడా.  గేటు దగ్గర ఫోను చేతికి రాగానే మా మరిది తెలిసిన మనిషికి ఫోను చేశాడు. కొంచెం సేపు విని పెట్టేశాడు.

"ఏమన్నాడు?"

"ఆయన్నే లోపలికి రానియ్యరంట బావా. కాయలు గేటు కాడే దించీసి ఎల్లిపోతాడంట."

ఎక్స్‌ప్రెస్‌లో మా ముగ్గురికీ ఒకే చోట సీట్లు దొరికాయి. సాయంత్రం కావడంతో మధ్య బెర్తులు మడిచే ఉన్నాయి. ఎదురు సీట్లో బరంపురం వెళ్ళే పెద్దమనిషి ఒకాయన వేరుశెనగలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. బండి కదిలింది. మా ఆవిడ చాలాసేపు తన వీపు వెనక ఆనిన ఆ మడిచిన బెర్తును చేత్తో తడుముతూ కూర్చుంది. కొత్తవలస దాటాక నావైపు తిరిగింది.

"ఆ బాబు సెప్పింది దీన్నేనా?"

"దీన్నే. దీనికంటే చిన్నదట."

"ఇది ఎత్తండి. పడుకుంటాను."

"ఇప్పుడా? పగలు మధ్య బెర్తు వేయకూడదు. రాత్రయ్యాకే వేయాలి. అది రూలు."

ఇది నేను ఊరికే అన్న మాట కాదు. ఈ రూలు కోసం రైళ్ళలో ఎంతమందితో వాదించానో నా డైరీల్లో ఉంటుంది. మధ్యాహ్నం పూట మధ్య బెర్తు వేసుకుని పడుకున్న మనుషులను లేపి కూర్చోబెట్టినవాణ్ణి నేను.

"సూడ్డానికొచ్చినాను," అంది. "సూసీసే ఎల్తాను."

మా మరిది నా ముఖంలోకి చూసి, లేచి, బెర్తు ఎత్తి గొలుసులు తగిలించాడు. మోకాళ్ళ నొప్పితో ఆవిడ ఎక్కలేకపోయింది. మొదట నేను కాలు పట్టుకుని పైకి లేపాను, కుదరలేదు. అతను నడుం దగ్గర పట్టుకుని ఎత్తాడు.

"అప్పా, బేగి ఎక్కు. నువ్వు నా మీద పడితే ఇంక జలంత్రకోటలో పీకేసిన కొబ్బరిమొక్కే నాను."

ఎక్కింది. ముందు మావైపు తిరిగి పడుకుంది. కూర్చోవాలని తల ఎత్తితే పై బెర్తు తగిలింది. మోకాళ్ళు ముడిస్తే బయటికి వచ్చి, వాటి కింద కూర్చున్న నా తల మీదకు చేరాయి. దీపం సూటిగా కళ్ళలో పడుతోంది. ఎదురుగా వేరుశెనగల పెద్దమనిషి, పక్కన మా మరిది, దారిలో నిలబడ్డ టీ అమ్మే మనిషి, అందరూ ఆవిడనే చూస్తున్నారు. చీర సర్దుకుంది. చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి అది కూడా తీసేసి, అటు తిరిగింది. గోడవైపు. మోకాళ్ళు ముడుచుకుని, చేయి తల కింద పెట్టుకుని, మాకు వీపు పెట్టి పడుకుంది.

నేను సీటు అంచున వంగి కూర్చుని పైకి చూశాను. మా మరిది కూడా చూశాడు. చేతిలో ఉన్న బిస్కట్టు నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. మా వసారాలో బల్ల మీద పడుకున్న మనిషిని అతను కూడా చాలాసార్లు చూశాడు.

చాలాసేపటికి ఆవిడ గోడవైపు నుంచే అంది:

"ఇటు తిరిగితేనే కుదురుతాదండి."

"ఊఁ," అన్నాను.

"అటు తిరిగితే ఊపిరాడదు. అందరూ మొహం మీదే ఉన్నట్టుంటాది."

నేను పద్ధతి మనిషిని. దీనితో ఏమీ రుజువు కాదని నాకు అప్పుడే తోచింది. రైలు ఓడ కాదు. మా వసారాలో బల్లకు ఎదురుగా ఎవరూ ఉండేవారు కాదు, దీపం కూడా ఉండేది కాదు. బావి ముక్క గురించి అతని మనసులో ఏముందో ఈ బెర్తు చెప్పదు. ఇవన్నీ వరసగా నా నోటి దాకా వచ్చాయి. పగలంతా వచ్చిన కోపంలో చాలా మాటలు అనేశాను, ఇవి మాత్రం అనలేదు.

విజయనగరంలో జనం ఎక్కారు. టికెట్టు చేతిలో పట్టుకుని ఒకాయన మా దగ్గరకు వచ్చి, నా పక్క సీటు తనదని చూసుకుని, కూర్చోబోయి, తల వంచలేక మళ్ళీ లేచాడు.

"ఏంటండీ ఇది? ఇప్పుడే మధ్య బెర్తు వేశారేంటి? రూలు తెలీదా?"

"తెలుసు," అన్నాను.

"తెలిస్తే దించండి. మేం ఎలా కూర్చోవాలి?"

వేరుశెనగల పెద్దమనిషి కూడా అతనితో కలిశాడు. అందరూ ఇలాగే వేసుకుంటే మిగతావాళ్ళు కూర్చునేదెక్కడని ఆయన ఫిర్యాదు. మా మరిది వాళ్ళతో ఏదో గట్టిగా అనబోతే నేను చేయి పట్టుకుని ఆపాను. లేచి, నా కిటికీ సీటు ఆ కొత్తాయనకు ఇచ్చి, దారిలో బెర్తు గొలుసు పట్టుకుని నిలబడ్డాను. పలాస దాకా నిలబడతానని చెప్పాను. ఆయన గొణుగుతూనే మెడ వంచుకుని కూర్చున్నాడు.

మా ఆవిడ ఈ గొడవంతా వింది. కదల్లేదు. వీపు మా వైపే ఉంది. కొంచెం సేపయ్యాక ఆ కొత్తాయన ఎందుకో మెత్తబడి, తల పైకెత్తి అడిగాడు.

"ఆమెకు ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది," అన్నాను. "పడుకుంది."